సోలారు స్టాండు ఎన్నుకునే ముందు మన కప్పుల చరిత్ర ఒకసారి చూద్దాం

 

వచ్చే నెల జనరల్ బాడీలో మన భవనం మీద సోలారు పెట్టే సంగతి చర్చకు వస్తుంది. మూడు కొటేషన్లు వచ్చాయి. మూడింటినీ తెప్పించుకుని చదివాము. ప్యానెల్ గురించి రెండు పేజీలు, ఇన్వర్టర్ గురించి ఒక పేజీ ఉంది. ఆ ప్యానెళ్లను పట్టుకుని నిలబెట్టే ఇనుప స్టాండు గురించి మాత్రం ఒకే ఒక్క వరుస: "స్టాండర్డ్ స్ట్రక్చర్". అది చదవగానే మాకు 2013 గుర్తుకొచ్చి ఒళ్లు జలదరించింది. అప్పుడూ సరిగ్గా ఆ ఒక్క వరుసే ఉండింది. దాని కింద సంతకం పెట్టింది మేమే.

ఈ రాతలో "మేము" అన్న చోటల్లా అప్పటి కమిటీ ఐదుగురమూ అని అర్థం చేసుకోండి. అందులో ఇద్దరు ఇప్పుడు లేరు. మిగిలిన ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నదే ఇక్కడ రాస్తున్నాము. రాసే చేయి రైల్వే గుమాస్తా చేయి. చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఏ స్టాండు మంచిది అని నేరుగా చెప్పేయొచ్చు కదా, చరిత్ర ఎందుకు అంటారేమో. స్టాండు అనేది ప్యానెల్‌ను చూసి ఎన్నుకునే వస్తువు కాదు, కింద ఉన్న కప్పును చూసి, పైన వీచే గాలిని చూసి ఎన్నుకునేది. మన భవనానికి ఒక కప్పు కాదు, మూడు కప్పులున్నాయి. మూడూ మూడు కాలాలవి. ఏది ఎవరు, ఎందుకు, ఎలా వేశారో తెలియకుండా దాని మీద మేకు కూడా కొట్టకూడదు.

మొదటి కప్పు: ముందు హాలు

పెరంబూరు, అయనావరం, విల్లివాక్కం వైపు మన పెద్దలు ఎలా వచ్చారో మీకు తెలుసు. ఒకరు రైల్వే వర్క్‌షాపుకు, ఒకరు బిన్నీ వాళ్ల బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుకు, ఇంకొకరు చిన్న వ్యాపారానికి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మద్రాసు ఇటువైపే ఉండిపోయింది. కొంతమంది బయలుదేరి వెళ్లారు. మనవాళ్లు వెళ్లలేదు. ఉద్యోగం ఇక్కడ, ఇల్లు ఇక్కడ, చనిపోయినవాళ్లను సాగనంపిన నేల ఇక్కడ. అప్పటికే ఈ ముందు హాలు కట్టేసి ఉంది. నెలకు ఇంత అని జీతంలోంచి తీసి కట్టిన హాలు అది. మా నైన వంతు డబ్బు కట్టిన రసీదు ఇంట్లో పెట్టెలో ఇంకా ఉంది.

ఆ హాలు కప్పును మద్రాసు టెరేసు అంటారు. జార్జిటౌను, మైలాపూరు, ఎగ్మూరు పాత ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. కాంక్రీటు, ఇనుప కడ్డీ లేని కాలపు కప్పు. ఎలా వేస్తారంటే, గోడ మీంచి గోడ మీదికి టేకు దూలాలు దగ్గర దగ్గరగా పెడతారు. వాటి మీద పలచటి చిన్న ఇటుకలను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెట్టి, మూలకు మూల ఏటవాలు వరుసల్లో సున్నం గచ్చుతో అతుకుతారు. ఒక వరుస ఆరిన తరవాత ఇంకొక వరుస. కింద సెంట్రింగ్ ఉండదు. ఒక ఇటుక ఇంకొక ఇటుకను పట్టుకుని నిలబడుతుంది.

దాని మీద ఇటుక జల్లి, సున్నం కలిపిన తళం వేస్తారు. ఆ తళాన్ని చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టాలి. ఆడవాళ్లు వరుసగా కూర్చుని, పాట పాడుకుంటూ, ఒకే తాళంలో కొట్టేవాళ్లు. కరక్కాయ నానబెట్టిన నీళ్లలో బెల్లం కలిపి మధ్య మధ్య చల్లేవాళ్లు. బద్ద పడితే ఎగిరి వెనక్కు వచ్చేంత గట్టిపడే దాకా కొట్టడం ఆపకూడదని కొత్తనారు చెప్పేవాడట. చివరన తట్టోడు పరిచి, నీళ్లు జారడానికి వాలు ఇస్తారు. మన హాలు వరండాలో మాత్రం టేకు లేదు. రైల్వేలో తీసేసిన పాత పట్టాలను దూలాలుగా వేశారు. రైల్వే కాలనీల పక్క ఇళ్లలో ఇది మామూలే. పట్టా అరిగిపోతే రైలుకు పనికిరాదు గానీ కప్పు మోయడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఈ కప్పు గుణం ఏమిటంటే, పరుచుకున్న బరువును మోస్తుంది, ఒకే చోట పొడిచే బరువును మోయదు. జనం పడుకోవచ్చు, వడియాలు ఎండబెట్టొచ్చు. కానీ డ్రిల్లింగు మిషను పెట్టి రంధ్రం చేస్తే, ఒకదాన్నొకటి పట్టుకున్న ఇటుకలు పట్టు వదులుతాయి. ఇంకొకటి, తళంలో చీలిక పడితే నీళ్లు నేరుగా టేకు దూలం కొనకు చేరతాయి. దూలం కొన గోడలో దాగి ఉంటుంది. అది కుళ్లుతున్నా, చెదలు తింటున్నా కింద నుంచి కనబడదు. కనబడేసరికి దూలం జారి ఉంటుంది. ఇప్పుడు వచ్చిన మూడు కొటేషన్లలో ఒకటి సరిగ్గా ఈ హాలు మీదే, తట్టోటికి బోల్టులు దించి స్టాండు నిలబెడతామని గీసి చూపించింది. గీసినాయన మంచి పిల్లవాడే. కానీ పైన తట్టోడు చూశాడు గానీ కింద ఏముందో ఆయనకు ఎవరు చెప్పారు? మనమూ చెప్పలేదు.

రెండో కప్పు, మూడో కప్పు

వెనక ఉన్న విద్యార్థుల బ్లాకు 1970ల్లో కట్టింది. అది కాంక్రీటు కప్పు, లోపల ఇనుప కడ్డీ ఉంది, కింద పిల్లర్లు, బీములు ఉన్నాయి. ఇప్పటి లెక్కల ప్రకారం మనుషులు ఎక్కి తిరిగే కప్పు మీద చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువుకు డిజైను చేస్తారు. ఎవరూ ఎక్కని కప్పుకు అందులో సగమే. మన కప్పుకు యాభై ఏళ్లు దాటాయి కనుక, కాగితం మీద ఉన్న బలం అంతా ఇప్పటికీ ఉందని మనమే అనేసుకోకూడదు. ఇంజినీరు వచ్చి చూడాలి.

మూడోది భోజనశాల. మొదట అక్కడ మంగళూరు పెంకు ఉండేది. ఆ పెంకు కథ కూడా మంచిదే. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు మొదలుపెట్టిన ఫ్యాక్టరీ నుంచి ఆ పెంకు దక్షిణదేశం అంతా పాకింది. మన రైల్వే స్టేషన్లు, గుడ్సు షెడ్లు ఎన్ని ఆ పెంకు కిందే ఉండేవో! భోజనశాలలో కోతుల బాధ, పెంకులు మార్చేవాళ్లు దొరకని బాధ పడలేక తీసేసి ఇనుప రేకు వేశాము. రేకు కింద అడ్డంగా ఇనుప పర్లిన్లు ఉన్నాయి. బలం ఆ పర్లిన్లదే, రేకుది కాదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

సోలారు మన దాకా ఎలా వచ్చింది

ఇప్పుడు మనం చూసే సిలికాన్ సోలారు సెల్లును 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు లోకానికి చూపించారు. 1958లో వాన్‌గార్డ్ అనే చిన్న ఉపగ్రహం మీద అది ఆకాశానికి వెళ్లింది. మన దేశంలో సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ కంపెనీ 1977లో మొదటి సెల్లు, 1978లో మొదటి ప్యానెల్ తయారుచేసింది. ఈ కంపెనీ పేరు రైల్వేవాళ్లకు కొత్త కాదు. సిగ్నలింగుకు యాక్సిల్ కౌంటర్లు కూడా వాళ్లే చేస్తారు.

మేము మొదట చూసిన ప్యానెల్ ఏ మేడ మీదా కాదు. కరెంటు లైను చేరని లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర చూశాము. ఒక ఇనుప గొట్టం, దాని తల మీద ఒకే ఒక్క ప్యానెల్, కింద బ్యాటరీ పెట్టె. గొట్టం అడుగు కాంక్రీటులో లోతుగా పాతి ఉండేది. చిన్న ప్యానెల్, గట్టి కాలు. గాలి ఎంత వీచినా అది ఊగి ఊరుకునేది. ఆ గొట్టాన్ని అన్నేళ్లు చూసి కూడా దాని నుంచి నేర్చుకోవలసింది నేర్చుకోలేదు. అదే మా తప్పు.

2012 నాటి కరెంటు కోతలు ఎవరూ మరచిపోయి ఉండరు. చెన్నైలో రోజుకు రెండు గంటలు, జిల్లాల్లో అంతకు ఎన్నో రెట్లు. కోవిల్‌పట్టి, అరుప్పుకోట్టై వైపు మన బంధువులు రాత్రి నిద్ర లేక ఏడ్చారు. ఆ ఏడాది అక్టోబరులో జయలలిత గారి ప్రభుత్వం సోలారు విధానం ప్రకటించింది. 2015 నాటికి 3000 మెగావాట్లు అని లక్ష్యం. పేపర్లో రోజూ అదే వార్త. మన పిల్లలు పరీక్షలకు కొవ్వొత్తి పెట్టుకుని చదువుతుంటే చూడలేక, 2013లో వెనక బ్లాకు మొట్టమాడి మీద 5 కిలోవాట్లు పెట్టాలని తీర్మానం చేశాము. 250 వాట్ల ప్యానెళ్లు ఇరవై.

స్టాండు గురించి కంపెనీ చెప్పింది ఇది. కప్పుకు రంధ్రం పెట్టము, కారదు. యాంగిల్ ఇనుముతో కాళ్లు చేసి, కాళ్లను సిమెంటు దిమ్మల్లో బిగించి, దిమ్మలను ఊరికే కప్పు మీద పెడతాము. దిమ్మ బరువే పట్టుకుంటుంది. ఒక్కో దిమ్మ 25 కిలోలు, మొత్తం నలభై. ఎండ బాగా పడాలని ముప్ఫై డిగ్రీల వాలు. ధర తక్కువ, కారదు, త్వరగా అవుతుంది. మాకు ఇంకేం కావాలి?

ఆ మీటింగులో ఒక పెద్దాయన లేచారు. రైల్వే వంతెనల విభాగంలో ఫోర్‌మెన్‌గా చేసి రిటైరైన మనిషి. "అంతా బాగుంది నాయనా, గాలి వస్తే?" అన్నారు. "దిమ్మలున్నాయి కదా పెద్దయ్యా" అన్నాము. "పాంబన్‌లో గర్డర్లు కూడా బరువుగానే ఉండేవి" అని కూర్చున్నారు. మేము నవ్వాము. నిజం రాస్తున్నాము, నవ్వాము.

పాంబన్ చెప్పిన పాఠం

ఆయన చెప్పింది ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పాంబన్ వంతెన 1914లో తెరిచారు. సముద్రం మీద రెండు కిలోమీటర్లకు పైగా పొడవు. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫానులో ధనుష్కోడికి వెళుతున్న పాసెంజరు రైలు మొత్తం కొట్టుకుపోయింది. అందులో ఉన్నవాళ్లు ఒక్కరూ మిగలలేదు. ధనుష్కోడి ఊరే లేకుండా పోయింది. వంతెన మీది నూటికి పైగా గర్డర్లు సముద్రంలో పడ్డాయి. ఒక్కో గర్డరు బరువు టన్నుల్లో లెక్క. బరువు వాటిని కాపాడలేదు. ఓడలకు దారి ఇచ్చే నడిమి లిఫ్టు భాగం మాత్రం నిలబడింది.

అప్పుడు చిన్న వయసులో ఉన్న శ్రీధరన్ గారు, తరవాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టినాయన, సముద్రంలో పడిన గర్డర్లను పైకి తీయించి 46 రోజుల్లో వంతెనను మళ్లీ నిలబెట్టారు. తరవాతి కాలంలో ఆ వంతెన మీద గాలివేగం కొలిచే పరికరం పెట్టారు. గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఎర్రగానే ఉండేది, రైలు కదిలేది కాదు. ఇంకో శత్రువు ఉప్పుగాలి. ఆ గర్డర్లకు తుప్పు తీయడం, రంగు వేయడం ఒక చివర నుంచి మొదలుపెట్టి ఇంకో చివరకు చేరేసరికి మొదటి చివర మళ్లీ తయారుగా ఉండేదని పెద్దాయన చెప్పేవారు. గాలి, తుప్పు. సోలారు స్టాండుకు కూడా ఈ రెండే శత్రువులు.

2016 డిసెంబరు 12

జయలలిత గారు పోయి సరిగ్గా వారం. సోమవారం. వర్దా తుఫాను నేరుగా చెన్నై మీదికి వచ్చింది. గంటకు 100 కిలోమీటర్లు దాటిన గాలి. వేల చెట్లు కూలాయి. మధ్యాహ్నం వార్డెను ఫోను చేసి, పైన ఇనుము కిరకిరలాడుతోంది అన్నారు. పిల్లలను కింది గదుల్లోనే ఉంచమని చెప్పాము. తరవాత ఫోను లైను పోయింది.

మరునాడు చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్లాము. ఇరవైలో పదకొండు ప్యానెళ్లు చోట్లో లేవు. రెండు కాళ్ల వరుసలు దిమ్మలతో సహా తిరగబడ్డాయి. ఒక ప్యానెల్ పక్కింటి రేకు కప్పును చీల్చుకుని వాళ్ల వంటగదిలో పడింది. ఆ ఇంటి అమ్మ ఆ క్షణంలో ముందు గదిలో ఉంది. అంతే. అంతకు మించి మన తెలివి, మన జాగ్రత్త ఏమీ లేదు. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ మా ముగ్గురిలో ఎవరికీ మింగుడుపడలేదు. ఆమె కప్పు బాగుచేయించి ఇచ్చాము. పెద్దాయన ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాము. "నన్నెందుకు అడుగుతారు, లెక్క వేయండి" అన్నారు.

వేశాము. గుమాస్తా లెక్కే, మీరూ వేయొచ్చు. గాలివేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి, దాన్ని అదే సంఖ్యతో గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. పదితో భాగిస్తే దాదాపు కిలోలు. గంటకు 120 కిలోమీటర్లు అంటే సెకనుకు 33 మీటర్లు. చదరపు మీటరుకు దాదాపు 65 కిలోలు. మన ప్యానెల్ 1.6 చదరపు మీటర్లు. అంటే ఒక్కోదాన్ని నూరు కిలోల బలం ఎత్తుతోంది. ఇరవై ప్యానెళ్లకు రెండు టన్నులు. పట్టుకుని ఉన్నవి ఏవి? దిమ్మలు ఒక టన్ను, ప్యానెళ్లు నాలుగు వందల కిలోలు, ఇనుము ఓ మూడు వందలు. మొత్తం 1700 కిలోలు. ఇది సులువు చేసిన లెక్క. కప్పు అంచుల్లో, మూలల్లో గాలి ఇంకా ఎక్కువగా లాగుతుంది. ఎలా చూసినా మనం ముందే ఓడిపోయి ఉన్నాము.

వేగం రెట్టింపు అయితే బలం నాలుగు రెట్లు అవుతుందని కూడా ఈ లెక్కలోనే కనబడుతుంది. గాలి భారం గురించిన మన దేశపు ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. 1987లో ఒకసారి, 2015లో ఒకసారి సవరించారు. అందులో చెన్నైకి ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలికి మన ఇరవై ప్యానెళ్లను ఎత్తే బలం ఐదు టన్నులకు దగ్గర. వర్దా అంత కూడా కాదు.

ఇంకొకటి తరవాత అర్థమైంది. మన ప్యానెళ్లు దక్షిణం చూస్తాయి, వీపు ఉత్తరానికి. బంగాళాఖాతం నుంచి తుఫాను చెన్నై మీదికి వచ్చేటప్పుడు మొదటి గాలి ఉత్తరం వైపు నుంచే కొడుతుంది. కన్ను దాటాక తిరగబడి దక్షిణం నుంచి వస్తుంది. అంటే ముప్ఫై డిగ్రీలు ఎత్తి, వీపు తెరిచి పెట్టి, మొదటి దెబ్బను మనమే పిలిచాము. చెన్నై ఉన్నది 13 డిగ్రీల అక్షాంశంలో. పది, పదమూడు డిగ్రీల వాలు చాలు. అంతకన్నా ఎత్తితే ఏడాదికి వచ్చే కరెంటు పెరగదు, గాలి పట్టు మాత్రం పెరుగుతుంది. మరీ చదునుగా పెడితే వాన నీళ్లకు దుమ్ము కొట్టుకుపోదు. కాబట్టి పదికి తగ్గకుండా.

కదిలే కప్పు మీద ప్యానెల్

2017 జులైలో ఢిల్లీలో ఒక డీజిలు డెమూ రైలును ప్రారంభించారు. పెట్టెల కప్పు మీద సోలారు ప్యానెళ్లు, లోపలి దీపాలకు, ఫ్యాన్లకు ఆ కరెంటే. ఆ పెట్టెలు మన పెరంబూరు ఐసీఎఫ్‌లో తయారైనవి. నెహ్రూ గారు 1955 అక్టోబరు 2న తెరిచిన ఫ్యాక్టరీ, మనవాళ్లు ఎంతమంది అన్నం తిన్న చోటు.

ఆ ఫోటోలు చూసినప్పుడు మా కళ్లు ప్యానెల్ మీద కాదు, అది కూర్చున్న తీరు మీద పడ్డాయి. ఎత్తు లేదు, వాలు లేదు. పెట్టె కప్పు ఒంపుకు ఆనుకుని పడుకుని ఉన్నాయి. రైలుకు రోజూ ఎదురుగాలే. ఎండ కొంచెం తక్కువ దొరికినా సరే, ఊడిపోకూడదు అన్నది వాళ్ల మొదటి లెక్క. మనం మొదట ఎండ లెక్క వేసి, గాలి లెక్క వేయనే లేదు.

ఇప్పుడు మన మూడు కప్పులకు ఏది తగును

దిమ్మల స్టాండు. కప్పుకు రంధ్రం ఉండదు, అది మంచిదే. కానీ చెన్నై గాలికి సరిపోయే దిమ్మలు పెడితే కప్పు మోయగల అదనపు బరువులో ఎక్కువ భాగం వాటికే పోతుంది. తక్కువ పెడితే 2016 మళ్లీ వస్తుంది. ఉట్టి దిమ్మలను నమ్ముకోవద్దని మా మాట.

కప్పుకు బిగించే స్టాండు. కాంక్రీటు కప్పుకు ఇదే సరైనది. కాళ్లు ఇష్టమొచ్చిన చోట కాకుండా, కింద బీము, పిల్లరు ఉన్న వరుస మీద రావాలి. రంధ్రం వేసి, దుమ్ము ఊది, కెమికల్ యాంకరు పోసి స్టడ్డు దింపి, దాని చుట్టూ కాంక్రీటు పీఠం కట్టి, ఆ చోట నీరు దిగకుండా మళ్లీ పూత వేయాలి. పూత పని కొటేషన్‌లో రాసి ఉండాలి. లేకపోతే కారడం మొదలైనప్పుడు అది మా పని కాదంటారు.

ఎత్తు స్టాండు. కింద నీడ వస్తుంది, చిన్న ఫంక్షన్లు చేసుకోవచ్చు అని కొందరు సభ్యులు అడుగుతున్నారు. ఆశ తప్పు కాదు. కానీ ఎనిమిది, తొమ్మిది అడుగులు ఎత్తితే అది స్టాండు కాదు, ఇంకొక కట్టడం. గాలి కింద నుంచి కూడా దూరుతుంది. అడ్డ బద్దెలు, లావు కాళ్లు, ఇంజినీరు సంతకం లేకుండా దాని పేరు ఎత్తవద్దు.

రేకు మీది చిన్న పట్టీలు. భోజనశాలకు ఇవి చాలు. అల్యూమినియం పట్టీని రేకు గట్టు మీద, కింది పర్లిన్‌లోకి దిగేలా బిగించాలి. రేకు పల్లంలో ఎప్పుడూ రంధ్రం పెట్టకూడదు, నీళ్లు పారేది అక్కడే. స్క్రూ కింద రబ్బరు వాషరు ఉండాలి. ప్యానెల్ రేకు వాలుతోనే పడుకుంటుంది, రైలు పెట్టె మీద లాగా. ఇంట్లో ఆస్బెస్టాస్ రేకు ఉన్నవాళ్లు మాత్రం దాని మీద ఎవరినీ ఎక్కనివ్వకండి. విరిగి మనిషి కింద పడతాడు.

ముందు హాలుకు ఏ స్టాండూ వద్దు. ఇది మా ముగ్గురి ఏకమాట.

తుప్పు సంగతి. రంగు వేసిన యాంగిల్ ఇనుము మన సముద్రగాలికి నాలుగేళ్లు ఆగదు. 2016లో తిరగబడిన కాళ్లలో రెండింటికి అడుగున తుప్పు తిని ఉండింది. కరిగిన జింకులో ముంచి తీసిన పూత కావాలి, మందం 80 మైక్రాన్లు ఉండాలని రాయించండి. కోతలు, రంధ్రాలు అన్నీ ముంచక ముందే అయిపోవాలి. మేడ మీద కోసి, డ్రిల్ చేసి, వెండి రంగు పూస్తే అది పూత కాదు, మేకప్. నట్టు బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. అల్యూమినియం, ఇనుము నేరుగా తగిలే చోట మధ్య రబ్బరు ఉండాలి, లేకపోతే ఉప్పుగాలిలో ఒకటి ఇంకొకదాన్ని తింటుంది. ప్రతి ఏటా అక్టోబరులో, వానలు పట్టక ముందు, ఒక మనిషి పైకెక్కి ప్రతి బోల్టూ బిగించాలి. ఆ ఖర్చు బడ్జెట్‌లో ఉండాలి.

ఇక అసలు గొడవ

వెనక బ్లాకు మీద నీళ్ల ట్యాంకు నీడ, నడిచే దారి పోగా సుమారు వెయ్యి చదరపు అడుగులు దొరుకుతుంది. కిలోవాటుకు వంద అడుగులు అనుకుంటే పది కిలోవాట్లు. భోజనశాల మీద నాలుగు. మొత్తం పద్నాలుగు. చెన్నై ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు, అంటే యాభై ఆరు యూనిట్లు. హాలు మీద కూడా పెడితే ఇరవై కిలోవాట్లు దాటుతుంది. అందుకే కొందరు యువ సభ్యులు, ఆ పాత హాలు కప్పు తీసేసి కాంక్రీటు వేసేద్దాం, పెట్టుబడి తొందరగా తిరిగి వస్తుంది అంటున్నారు. వాళ్లు సంఘం మీద ప్రేమతోనే అంటున్నారు. వాళ్ల లెక్క కూడా కాగితం మీద తప్పు కాదు. 2013లో మా లెక్క కూడా కాగితం మీద తప్పు కాదు.

కానీ ఆ కప్పు తీస్తే మళ్లీ వేసే చేతులు లేవు. కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లి తళం కొట్టే మనుషులను ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టాలి. ఆ టేకు దూలాల కింద మన పెళ్లిళ్లు జరిగాయి. మిల్లు మూతపడిన రోజుల్లో ఆ హాల్లోనే పొయ్యి పెట్టి వండి పంచారు. ఆరు కిలోవాట్ల కోసం దాన్ని ఇవ్వొచ్చా? ఇవ్వకూడదని మా అభిప్రాయం. అది తగ్గినా పిల్లల గదులకు, భోజనశాలకు పద్నాలుగు చాలు. మన వార్డెను కరెంటు బిల్లులు తీసి చూపించారు.

మా కోరికలు మూడే. ఒకటి, సంతకం పెట్టే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు మూడు కప్పులూ చూసి రాసివ్వాలి. రెండు, స్టాండు డ్రాయింగు, సెకనుకు 50 మీటర్ల గాలికి వేసిన లెక్క కొటేషన్‌తో జతపరచాలి. అడిగితే ఇవ్వనివాళ్లు మనకు వద్దు. మూడు, పక్కింటి అమ్మను మీటింగుకు పిలవాలి. సభ్యురాలు కాదు, తెలుగు కూడా రాదు. అయినా మన ప్యానెల్ పడింది ఆమె వంటగదిలో. ఆమె ముందు తమిళంలో చెప్పగలిగితేనే మన ప్లాను సరైనదని అనుకుందాం.

సొంత ఇళ్లవాళ్లకు ఒక మాట. 2024లో వచ్చిన కేంద్రం పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మంచిదే, తీసుకోండి. కానీ సబ్సిడీలో మిగిలిన డబ్బును స్టాండులో తగ్గించకండి, అక్కడే కలపండి.

పెద్దాయన నాలుగేళ్ల కిందట కాలం చేశారు. ఈ రాత ఆయన చదివి ఉంటే, "ఇంత పొడుగు ఎందుకయ్యా, గాలి వస్తే అని అడిగితే చాలదా" అనేవారు. మీటింగులో ఆ ప్రశ్న ఈసారి మీలో ఎవరైనా అడగండి. మేము నవ్వము.

అందరూ తప్పకుండా రండి.